అమావాస్య నాటి నివాళి

మా యోగా మేడమ్ పోయారని తార్నాకలో కూరగాయలు కొంటుండగా ఫోన్ వచ్చింది. చేసింది ఈమధ్యే అక్కడ యోగా స్టూడియో తెరిచిన పెద్దమనిషి. అదే గుక్కలో, "ఆదివారం క్యాంపస్‌ల సంతాపసభ పెడుతున్నం. నాన్‌స్టాప్ సూర్యనమస్కారాలు. మీరు తప్పక రావాలె" అన్నాడు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆదివారం అమావాస్య.

మేడమ్ నేర్పింది చెమటలు కక్కించే యోగా. ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి ఎగిరి వెళ్లాలి, మధ్యలో కూర్చోవడం ఉండదు. అయినా యూనివర్సిటీ క్యాంపస్‌లోని పాత హాల్లో పొద్దున్నే ఆమె గొంతు వినపడేది కాదు. ఎవరి ఊపిరి లయే వాళ్లకు తాళం. ఆ లయ తప్పి ఎవరైనా రొప్పితే మాత్రం పక్కకొచ్చి, "ఇయ్యాల్టికి చాలు, పండుకో" అనేవారు. నేను మొండికేస్తే, "ఇంకోటి చేసి ఎవరికి చూపిస్తవ్?" అని నా చాప అంచు మీద కాలు పెట్టి నిలబడేవారు. నెలల తరబడి కొత్త ఆసనం చెప్పకపోతే లోలోపల తిట్టుకునేదాన్ని కూడా.

అమావాస్యకు, పున్నమికి సాధన ఉండదు. ఆ పద్ధతిలో అది నియమం. "కష్టపడుడు అందరికీ వస్తది, ఆగుడే రాదు. గందుకే దాన్ని గూడ నేర్పుతున్న" అనేవారు.

ఆదివారం అదే హాలు. ఫ్లెక్సీ మీద మేడమ్ ఫోటో, దాని కిందే నెలలో ఒళ్లు తగ్గిస్తామని స్టూడియో ప్రకటన. చనిపోయిన మనిషిని కూడా వదలరా? మైకు పట్టుకున్న ఆ పెద్దమనిషితో, "ఇవాళ అమావాస్యండీ. ఆమె ఉంటే చాప పరవనిచ్చేవారు కాదు" అన్నాను.

"ఆదివారమైతేనే పబ్లిక్ వస్తరండీ" అని నవ్వాడు. ఒళ్లు మండిపోయింది.

నా పక్కన, మేడమ్ దగ్గర కొత్తగా చేరిన హాస్టల్ అమ్మాయి. మైకులో సూర్యనమస్కారాల లెక్క పరుగెడుతోంది, ఆమె వెనకబడుతోంది. పెదాలు పాలిపోయాయి, మోచేతులు వణుకుతున్నాయి. "ఆపొద్దు, మేడమ్ చూస్తున్నరు" అంటోంది మైకు. నేను వంగి ఆమె వీపు మీద చెయ్యి వేశాను. "చాలమ్మా, పడుకో."

చాప మీద ఒరిగి చాలాసేపు రొప్పింది. "మేడమ్ కోసం గద ఆంటీ. ఆగితే ఆమె బాధపడ్తదేమో అనుకున్న" అంది.

ఆగితేనే సంతోషించేవారని చెప్పాను. మైకు హోరులో వినపడలేదేమో, ఆ పిల్ల మళ్లీ లేవబోయింది.