మా గాజుతొట్టిలో దేవుని వంతు

దయ్యాలనీ శకునాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పించాడు. దేవుని మీద భారం వేసి పడుకుంటే చాలు, నాకు నిద్ర పట్టేస్తుంది. అలాంటి నేను, మా హాల్లో ఉన్న గాజుతొట్టి గురించి ఇలా రాయాల్సి వస్తోంది.

ఎండాకాలం మంచినీళ్లకు బిందెలు వరస పెట్టే కర్నూల్లో మా ఆయన ఇంట్లోకి సముద్రం తెచ్చాడు. ఫిల్టరు నీళ్లలో ఉప్పు పొడి కలిపి, చేపలు వదిలి, మధ్యలో ఒక ఎనిమోన్‌ను పెట్టాడు. చూసేవాళ్లు పువ్వనుకుంటారు గానీ అది ప్రాణి. రాతికి పాదం అంటించుకుని, వేళ్లలాంటి రెమ్మలు ఊపుతుంటుంది. సరదా ఆయనది, నీళ్లు మార్చే చాకిరీ నాది. పక్షవాతంతో మాట పడిపోయిన మా అత్తమ్మ, దాని ముందు కూర్చోబెడితేనే అన్నం తింటుంది. అందుకు మాత్రం దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

ఒకరోజు అది చపాతీ పిండిలా సాగి, మధ్యకు చీలి, పెద్దదొకటి చిన్నదొకటి, రెండైంది. వాటికి సంతానం అలాగేనట. ఒకదానికే చేయలేక చస్తుంటే, ఇంకొకటి!

ఆ పూట నుంచి అత్తమ్మ గంజి తప్ప ముద్ద ముట్టలేదు. ఎడమచేత్తో చిన్నదాన్ని చూపిస్తుంది, మేకుకు వేలాడే గుడ్డసంచిని చూపిస్తుంది. మా ఇంట్లో మొదటి గుమ్మడికాయైనా, మొదటి గుడ్డైనా దేవునిదే. కోతల పండుగకు ఆ సంచిలోనే చర్చికి తీసుకెళ్తాం.

"అమ్మ దీన్ని ప్రథమ ఫలం ఇయ్యమంటాండాది," అన్నాడు మా ఆయన.

"దీన్నా? గుమ్మడికాయల పక్కన పెట్టాల్నా?"

"ఆమె తినాల్నా, వద్దా?"

దేవుని దయ, పండుగ ఆ ఆదివారమే. ఉప్పునీళ్ల కవరులో దాన్ని మోసుకుపోయాను. ప్రార్థనయ్యాక కానుకల్ని వేలం వేస్తూ సంఘ పెద్ద కవరు పైకెత్తగానే వెనక నుంచి ఒకామె, "ఏమక్కా, ఇది పులుసుకా, వేపుడుకా?" అంది. అందరూ ఒకటే నవ్వు. ఎవరూ వేలంపాట పాడలేదు. పాస్టరు అయ్యగారు మాత్రం నవ్వకుండా ప్రార్థన చేసి, నా చేతికే తిరిగిచ్చారు. "ఉప్పునీళ్లు మా కాడ యాడుండాయమ్మా? ఇది దేవునిదే. మీ ఇంట్లోనే సాకు."

ఆ మాట చెబితే అత్తమ్మ కడుపునిండా తింది. దేవునిదీ మాదీ కలిసిపోకుండా, దాన్ని ఒక తెల్లటి ఆల్చిప్ప మీద అంటించి దూరపు మూలన పెట్టాను.

తెల్లారి చూస్తే మూల ఖాళీ. మూత వేసింది వేసినట్టే ఉంది. మోటారు విప్పాను, రాళ్లన్నీ తిప్పాను. చచ్చి ఉంటే నీళ్లు చెడి ఇల్లంతా కంపు కొట్టేది. నీళ్లు తేటగా ఉన్నాయి, చేపలు హాయిగా తిరుగుతున్నాయి. దేవుని సొత్తు నా చేతిలో పోయిందని ఏడుపొచ్చింది.

అప్పుడు అత్తమ్మ గాజు మీద వేలితో తట్టింది. పాతది, చీలకముందు ఎంత ఉండేదో అంత అయింది. దాని పాదం కింద తెల్లటి ఆల్చిప్ప అంచు కనిపిస్తోంది.

తొట్టి సామాన్లమ్మే అతన్ని అడిగితే, "చీలేది శానా చూసినా గానీ అక్కా, మళ్లీ అతుక్కునేది యాడా చూడలే. మీరే సరిగ్గా చూసుండరు," అన్నాడు. నా కళ్లు బాగానే ఉన్నాయి. అది అక్కడికి ఎలా చేరిందో, ఎలా ఒకటయిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

నా సణుగుడు పడలేక మా ఆయన, "ఇంగ షాపుకిచ్చేద్దాంలే," అని దిగొచ్చాడు. ఎలా ఇస్తాను? అందులో ఏ సగం దేవునిదో, ఏ సగం మాదో!

ఆదివారం చర్చి మెట్ల మీద అయ్యగారు అడుగుతారు, "దేవునిది బాగుండాదామ్మా?" అని.

"బాగుంది అయ్యగారూ," అంటాను. నిజమో అబద్ధమో నాకే తెలియదు. ఇంటికొచ్చి, కొంగు బిగించి, నీళ్లు మారుస్తాను.