ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు పుట్టాలి

1997 అక్టోబరులో దోహాలోని ఒక ఫిలిప్పీనో క్రైస్తవ సహవాసం నన్ను ఆతిథ్య పరిచర్యకు బాధ్యురాలిగా నియమించింది. ఆ సహవాసంలో తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. మా ఆయన స్టోర్ కీపర్‌గా ఉన్న కంపెనీలో శుక్రవారం కూడా డ్యూటీ ఉండేది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మా గది వెనక సందులో ఒక పాత విల్లా ఉండేది. అంతకుముందెప్పుడో ఓ శుక్రవారం బట్టలు ఆరేస్తుంటే మా నాన్న పాడే పాట రాగం ఆ గోడ అవతలినుంచి వినిపించింది. మాటలు మాత్రం ఏ భాషో తెలియలేదు. తడి చేతులతోనే వెళ్ళి తలుపు కొట్టాను. లోపల పాట చటుక్కున ఆగిపోయింది. చాలాసేపటికి తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది. "నేనూ పాడతాను" అన్నాను, వచ్చిన ఇంగ్లీషులో. అలా లోపలికి వెళ్ళినదాన్ని ఏడేళ్ళు బయటికి రాలేదు. దేవునికి స్తోత్రం.

సహవాసంలో అందరికంటే పైన పాస్టర్, ఆయన కింద పెద్దలు, వాళ్ళ కింద పరిచారకులు, ఆ తరవాత ఆరాధన నడిపించేవాళ్ళు ఉంటారు. ఆతిథ్య పరిచర్య వీళ్ళందరికీ కిందిది. అయితే శుక్రవారం మధ్యాహ్నం తలుపులు తెరిచినప్పటినుంచి మూసేదాకా పాస్టరైనా సరే ఆతిథ్యంవాళ్ళ మాట వినాలి. నన్నే ఎందుకు వేశారని అడిగితే పాస్టర్ బెన్ దాపరికం లేకుండా చెప్పారు. "ఆతె రత్నం, మావాళ్ళు ఎవరినీ కసురుకోలేరు. మీకది బాగా వచ్చు." ఆతె అంటే వాళ్ళ భాషలో అక్క. ఆ మాట పొగడ్తో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఉద్యోగం మాత్రం తీసుకున్నాను.

కసురుకోవాల్సిన పని నిజంగానే ఉండేది. ఆ రోజుల్లో అక్కడ మాకు గుడి కట్టడాలు లేవు, ఇళ్ళలోనే కూడుకునేవాళ్ళం. విల్లా యజమాని మంచివాడే. ఒక్క షరతు పెట్టాడు: ఇరుగుపొరుగునుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఖాళీ చేయాలి. అందుకని కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాం. జుమ్మా నమాజు అయిపోయి వీధి కునుకు తీసే వేళకి ముగ్గురూ నలుగురూ చొప్పున రావాలి. గేటు ముందు కారు ఆపకూడదు. చెప్పులు గుమ్మం బయట వదలకూడదు. ఒకే ఇంటి ముందు అన్ని జతలుంటే ఎవరికైనా విషయం అర్థమైపోతుంది. వాటిని బియ్యం బస్తాల్లో వేసి లోపల పెట్టేదాన్ని. వెళ్ళేటప్పుడు ఎవరి జత వాళ్ళకి వెతికిచ్చే సరికి నా ప్రాణం పోయేది. డ్రమ్ము మీద రెండు దుప్పట్లు కప్పేవాళ్ళం. వాయించే కుర్రాడు ప్రతి పాటలోనూ ఎలాగోలా ఒక దుప్పటి జార్చేసేవాడు.

వంటిల్లు లూర్దెస్‌ది. ఆమె ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆయా. వారానికి ఆ ఒక్క పూటే సెలవు. ఆ పూట కూడా పొయ్యి దగ్గరే నిలబడేది. నియామకమైన మొదటి వారమే ఆమె చేత చీవాట్లు తిన్నాను. బొయెట్ అనే ఏసీ మెకానిక్ పుట్టినరోజని ఆమె పన్సిట్ వండుతోంది. అది పొడుగాటి నూడుల్స్ వంటకం. వడ్డించడానికి వీలుగా ఉంటుందని ఆ నూడుల్స్‌ని, మనం సేమ్యా విరిచినట్టు, చక్కగా ముక్కలు చేసిపెట్టాను. లూర్దెస్ గుండెమీద చెయ్యేసుకుంది.

"ఆతె! పుట్టినరోజు నాడే మనిషిని చంపేశారు కదా!"

ఆ నూడుల్ ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత పొడుగని వాళ్ళ ఆచారం. బొయెట్ మాత్రం నన్ను ఓదార్చాడు. "సగం చాల్లే ఆతె. మిగతా సగం ఎలాగూ ఓవర్‌టైముకే పోతుంది."

అదే రోజు అసలు కథ మొదలైంది. పక్కింట్లో ఉమ్ సాలిమ్ అనే వృద్ధురాలు ఉండేది. వాళ్ళకీ మాకూ మధ్య ఒక్కటే గోడ. ఆమె డ్రైవరు రాజన్నది జగిత్యాల వైపు. నేను తెలుగుదాన్నని తెలిసినప్పటినుంచీ అక్కా అని పిలిచేవాడు. ఆ మధ్యాహ్నం గేటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, మా ముసలమ్మ అడుగుతుంది. లోపట ఈ పాటలేందని."

నేను వంటింటి వైపు తిరిగి చూశాను. వెనకనుంచి లూర్దెస్ "బర్త్‌డే! బర్త్‌డే!" అంటూ కేకు ముక్క పేపరు పళ్ళెంలో పెట్టి అతని చేతిలో ఉంచింది. అది అబద్ధం కాదు, బొయెట్ అక్కడే ఉన్నాడు కదా. రాజన్న పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయాడు. గంట గడిచాక పక్కింటినుంచి బలాలీత్ వచ్చింది. అది వాళ్ళ తీపి సేమ్యా, పైన గుడ్డట్టు పరిచి ఉంటుంది. అందులో సేమ్యా ముక్కముక్కలుగా విరిచే ఉంది. నేను లూర్దెస్ వైపు చూశాను. ఆమె పైకప్పు వైపు చూసింది.

మరుసటి శుక్రవారం రాజన్న మళ్ళీ వచ్చాడు. "ముసలమ్మ అడుగుతుంది అక్కా, ఇయ్యాల ఎవరిది బర్త్‌డే?"

ఆ ప్రశ్న వారం వారం వచ్చేది. నాకు పెద్ద చిక్కొచ్చిపడింది. పొరుగింటి ముసలామె నోట ఒక్క మాట పడితే విల్లా పోతుంది. వారమంతా పరాయి ఇళ్ళలో ఉండే ఈ ఆయాలకి తమ భాషలో ఏడవడానికీ నవ్వడానికీ ఆ ఒక్క హాలే ఉంది. అలాగని ఆమెకి అబద్ధం చెప్పి పంపితే, లోపలికొచ్చి ఏ మొహంతో మోకరిస్తాను? పాస్టర్‌కి నా నిర్ణయం చెప్పాను. కేకు ప్రతి శుక్రవారం కోద్దాం, కానీ ఆ వారం నిజంగా పుట్టినవాళ్ళ పేరుతోనే కోద్దాం అని.

ఫిలిప్పీనోలతో అది కష్టం కాలేదు. వాళ్ళ పుట్టినరోజులు అయిపోతే మనీలాలో ఉన్న పిల్లల పుట్టినరోజులుండేవి. అమ్మ ఇక్కడ కేకు కోసి, అక్కడి బిడ్డ పేరు పలికి, మొదటి ముక్క తనే తినేది. ఆ క్షణంలో అందరూ గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్ళు, ఆమె ఏడుపు ఎవరికీ వినిపించకుండా. రంజాన్ నెలలో పక్కింటి ముక్కని ఇఫ్తార్ వేళ దాకా ఆపి పంపేదాన్ని. రాజన్న మాత్రం నెమ్మదిగా ఆశ్చర్యపోతూ వచ్చాడు.

"గిన్ని పుట్టిన రోజులేందక్కా? మా ఊరోళ్ళందరు కలిపి గూడ గిన్ని సార్లు పుట్టలే!"

రంజాన్ పండుగ వెళ్ళి ఫిబ్రవరి వచ్చింది. ఒక మంగళవారం రాజన్న మా గది దగ్గరికే వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, ముసలమ్మ ఈ శుక్రవారం తనే వస్తదట. పుట్టినోళ్ళను సూడాల్నంట."

ఆ వారం ఎవరూ పుట్టలేదు. అందర్నీ అడిగాను. మనీలా పిల్లల్నీ, వాళ్ళ అమ్మమ్మల్నీ కూడా కలుపుకున్నాను. ఒక్కరూ లేరు. బుధవారం సాయంత్రం పాస్టర్ ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. నన్నూ బొయెట్‌నీ కూడా పిలిచారు, లూర్దెస్ తన ఇంటివాళ్ళని ఒక గంట అడుక్కుని వచ్చింది. వారం రోజులు వేరేచోట కూడుకుందామని ఒకరన్నారు. మనం లేకపోతే ముసలామెకి అనుమానం ఇంకా ఎక్కువవుతుందని ఇంకొకరన్నారు. బొయెట్ చెయ్యెత్తాడు.

"నేను ఈ వారంలోనే బాప్తిస్మం తీసుకున్నాను. తిరిగి పుట్టినట్టే కదా?"

"నువ్వు అక్టోబరులో ఒకసారి పుట్టావు. నూడుల్స్ కూడా విరిగాయి. కూర్చో" అంది లూర్దెస్.

పాస్టర్ నా వైపు చూశారు. ముసలామె మొహం మీద అబద్ధం చెప్పడం నావల్ల కాదన్నాను. అందరూ తలలు దించుకున్నారు. కసురుకోవడానికి తెచ్చుకున్న మనిషి తమనే కసురుకుంటోందని అనుకుని ఉంటారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకున్నాను. ఆయన అన్నం కలుపుతూ అడిగారు. "ఇంతకీ నువ్వెప్పుడు పుట్టావే?"

"జులై ఒకటి. పాస్‌పోర్టులో ఉంది కదండీ."

"నాదీ జులై ఒకటే. నన్ను హెడ్మాస్టరు కన్నాడు, నిన్ను పాస్‌పోర్టు ఏజెంటు కన్నాడు. నీ అసలు పుట్టినరోజు మీ అమ్మకైనా తెలుసా?"

తెలియదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి పోలేదు. ఊరి సంఘంలో ఉపదేశిగా ఉన్న మా నాన్నే నాకు ఇంట్లో పలకమీద అక్షరాలు దిద్దించాడు, బైబిలు చదవడం నేర్పాడు. తేదీ వేయడానికి నాకు హెడ్మాస్టరు దొరకలేదు. అమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పేది: చెరుకు నరికే రోజులు, శుక్రవారం, పొద్దున్నే. మా గోదావరి వైపు ఫిబ్రవరిలో చెరుకు నరుకుతారు.

"శుక్రవారమే కదా! అయితే ఇదే కాదని ఎవరనగలరు?" అన్నారాయన పెరుగు వేసుకుంటూ. ఆ రాత్రి ప్రార్థనలో మా ఆయన కోసం ప్రత్యేకంగా స్తుతులు చెల్లించాను. సాధారణంగా ఆయన కోసం విన్నపాలే ఎక్కువగా ఉండేవి.

శుక్రవారం ఉమ్ సాలిమ్‌ని నాలుగింటికి రమ్మన్నాం. ఆరాధన ముందే ముగించి, బైబిళ్ళు అలమారాలో పెట్టి, కేకు బల్ల మీద పెట్టాలని ఏర్పాటు. ఆమె మూడింటికే వచ్చేసింది. పాస్టర్ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారు, అందరివీ మూసిన కళ్ళే. డ్యూటీ ప్రకారం నేనొక్కదాన్నే కళ్ళు తెరిచి తలుపు దగ్గర నిలబడ్డాను. ఒంటినిండా నల్లటి అబాయా, ముక్కు మీద పాతకాలపు ముసుగు, చేతిలో కర్ర. వెనక రాజన్న నాకేదో సైగలు చేస్తున్నాడు. ఆ సైగలేమిటో నేను చూసేలోపే ఆమె నన్ను దాటుకుంటూ వెళ్ళి ఆడవాళ్ళ వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. కర్ర ఒళ్ళో పెట్టుకుంది. రెండు అరచేతులూ తెరిచి పట్టుకుంది. ప్రార్థన అయిపోగానే అందరితోపాటు తనూ "ఆమీన్" అంది. అందరికంటే గట్టిగా.

అప్పుడు కళ్ళు తెరిచారు అందరూ. ఆ హాల్లో అంత నిశ్శబ్దం నా ఉద్యోగంలో ఎన్నడూ సాధించలేకపోయాను.

పాస్టర్ మగవాళ్ళని తీసుకుని వెనక గదిలోకి వెళ్ళారు. లూర్దెస్ కేకు తెచ్చింది. ఉమ్ సాలిమ్ తన హిందీలో, మధ్యమధ్య అరబ్బీ కలిపి, ఎవరిదని అడిగింది. నాదేనన్నాను. ఎన్నేళ్ళంది. తెలియదని చెప్పాను. చెరుకు సంగతి, శుక్రవారం సంగతి, ఏజెంటు సంగతి అన్నీ చెప్పేశాను. ఆమె భుజాలు ఊగేలా నవ్వింది. తనకీ తెలియదట. ముత్యాల పడవలు ఖాళీగా తిరిగొచ్చిన ఏడాది పుట్టిందని మాత్రం వాళ్ళమ్మ చెప్పిందట. ఏ రోజో ఎవరూ చెప్పలేదట.

"అయితే ఇవాళ ఇద్దరిదీ" అని కత్తి పట్టుకున్న నా చేతి మీద చెయ్యి వేసింది. ఆడపిల్లలు పుట్టినరోజు పాట రెండుసార్లు పాడారు. తరవాత పన్సిట్ వచ్చింది. ఈసారి ఒక్క నూడుల్ కూడా తెగకుండా ప్రాణంలా చూసుకుని వడ్డించాను. ఉమ్ సాలిమ్ నోట్లో నాలుగు పళ్ళు కూడా లేవు. కత్తి అందుకుని, మొత్తాన్నీ అడ్డంగా నిలువుగా కోసేసుకుని, తృప్తిగా తినేసింది. లూర్దెస్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

వెళ్ళేముందు ఆమె గుమ్మంలో ఆగింది. "మీ ప్రార్థన సంగతి నాకు మొదటి వారమే తెలుసు" అంది. "గోడ ఒక్కటే కదా. పక్కన ప్రార్థించేవాళ్ళుంటే మంచిదే. ఈ పుట్టినరోజుల సంగతే అర్థం కాలేదు. వారం వారం నాతో వంట చేయించారే! చూసిపోదామని వచ్చాను."

ఎవరి పుట్టినరోజని వారం వారం మీరే కనుక్కోమన్నారు కదా అని నసిగాను.

"నేనా? నేనెప్పుడూ అడగలేదే. పక్కింట్లో పుట్టినరోజు, ఏదైనా పంపుదామని వీడే చెప్పేవాడు."

పంపిన కేకు నచ్చేదా అని అడిగాను. ఆమె మళ్ళీ ఆశ్చర్యపోయింది. "ఏ కేకు? నాకు షుగరు. ఇవాళ్టిదే మొదటి ముక్క."

ఇద్దరం రాజన్న వైపు తిరిగాం. అతను వాళ్ళ గేటు ముందున్న కారు అద్దం తుడుస్తున్నాడు. మెరిసిపోతున్న అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఏం రాజన్నా?"

"ఎలక్కాయ పడ్డదక్కా గొంతుల" అన్నాడు తలెత్తకుండా. "మొదటి రోజు ఉట్టిగనే అడిగిన. పాటలు బాగున్నయని. మీరేమో కేకు చేతిల వెట్టిరి. నేనేం జెయ్యాలె?"

ఉమ్ సాలిమ్ తన గేటు వైపు నడుస్తూ నాకు ఒక్క షరతు పెట్టింది. మధ్యాహ్నం తరవాతి అసర్ నమాజు వేళ డ్రమ్ము ఆగాలి. ఆ వారంనుంచీ ఆగింది. చెప్పుల బస్తాలు మాత్రం మిగతా వీధి కోసం కొనసాగించాం. అవి ఆ ఒక్క ఇంటి కోసం పెట్టినవి కాదు కదా. ఇంటి యజమానికి ఫిర్యాదేదీ పోలేదు. మేం ఆ విల్లా వదిలింది జనం పెరిగి చోటు చాలకే.

ఆ తరవాత అక్కడే ఐన్ ఖాలిద్ వైపు ఇంకో సహవాసంలోనూ, తిరిగొచ్చాక మన దగ్గరా ఆతిథ్య పరిచర్యే చేసి విరమించాను. కొత్తగా ఆ పనిలోకి వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయడం, చెప్పులు సర్దడం చెప్పాక ఒక మాట కూడా చెప్పేదాన్ని. కొత్త ఇంట్లో కూడిక మొదలుపెట్టే ముందు పక్కింటికి పళ్ళెం పంపండి. దాన్ని డ్రైవరు చేతికి ఇవ్వకండి. మీరే పట్టుకెళ్ళి, ఆ ఇంటి పెద్దామె తినేదాకా కూర్చుని రండి.