లెఫ్ట్ నొక్కితే రైట్‌కి పోయే ట్రాక్టరు

మొన్న మా ట్రాక్టరు ట్రాలీ ఎరువు తిప్పలోకి ఎట్ల పోయిందో ఊర్లో ఒకొకరు ఒకొక రకంగా చెప్తా ఉండారు. బ్రేకు ఫెయిలైందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు. రెండూ కాదు. టీ తాగతా వినండి, నేనే చెప్తాను. తిప్పలోకి పోయింది నిజమే. ఎంత నేరుగా పోయిందో ఆ మాట మాత్రం ఎవురి నోట్లోనుంచీ రావడం లేదు.

మాది రాయల్పాడు దగ్గర మామిడితోట. నేను పుట్టింది మాత్రం కేజీఎఫ్‌లో, చాంపియన్ రీఫ్స్ గని పనోళ్ల లైనిండ్లలో. మా తాత బంగారు గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. మనుషుల్ని కేజ్‌లో పాతాళానికి దించి మళ్లీ పైకి లాగే పని. "దించేది ఎవురైనా దించుతారు పాపా, గడప కాడ సరిగ్గా నిలబెట్టేవాడే డ్రైవరు" అనేవాడు. ఆ రక్తం నాలో పారతా ఉండాదని నాకు చిన్నప్పటినుంచీ పొగరు.

బడి మధ్యలో ఆగిపోయింది, చదవడం ఆగలేదు. బోండాలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివే రకం నేను. జాకెట్టు కుట్టడం, ఫ్యూజు వేయడం, ఆవుకి పొదుగువాపు వస్తే ఏం చేయల్ల, అన్నీ చదివి నేర్చుకున్నవే. ట్రాక్టరు కూడా అట్లే నేర్చుకుందామంటే దానికి పుస్తకం దొరకలేదు. ఫోన్లో ఆట దొరికింది.

ట్రాక్టరు నాకెందుకంటారా? దాని బీగంచెవి మా మరిది నారాయణప్ప మొలతాడుకి కట్టుకోని తిరుగుతాడు. మేము కాయలు కోసి క్రేట్లలో సర్దుకోని కూర్చోనుంటాము, ఆయప్ప నంగలిలో మామగారింట్లో పాయసం తాగతా ఉంటాడు. ఆయప్ప తిరిగొచ్చేలోపల కాయలు క్రేట్లలోనే పండిపోతాయి. మా ఇంటాయన బండి ముందుకైతే తోల్తాడు. రివర్స్ అంటే మర్యాదగా దిగిపోతాడు. ఆయన దగ్గర నేను చేన్లో ముందుకు తోలేది నేర్చుకున్నాను. వెనక్కి తోలేది నేర్పించేవాళ్లు లేరు.

మరిది కూడా రివర్స్‌లో పెద్ద మొనగాడేం కాదు. మా గేటుకి రెండు పక్కలా రాతి కూసాలు ఉండాయి. ట్రాలీ వెనక్కి తెచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కూసానికి ముద్దు పెట్టిస్తాడు. ఎడమపక్క కూసం ఇప్పటికే వచ్చేవాళ్లకి నమస్కారం పెట్టినట్ల వంగిపోయింది. ఈ మాటే నేను పాలు పోసే డైరీ కాడ అందరి ముందర అనేసినాను.

"అంత తెలిసినదానివి నువ్వే తోలు వదినా" అన్నాడు.

"తోల్తాను. బీగంచెవి ఇటు పడెయ్."

"ఆదివారం పొద్దున రా. గేటులోనుంచి ట్రాలీ వెనక్కి తెచ్చి పందిరి కాడ పెట్టు. కూసానికి గీత కూడా పడకూడదు. పెట్టినావా, బీగంచెవి నీకే."

"పెట్టకపోతే?"

"సీజను అయ్యేదాకా నీ నోటికి బీగం."

పాలు పోసే ఆడోళ్లు నా పక్క అని చెప్పినారు గానీ, ఆ రెండోదానికే వాళ్లు ఎక్కువ ఆశపడినట్ల కనపడింది.

ఆ పొద్దే ఆట దించుకున్నాను. ఊరికే వచ్చేదే. ఊరికే వచ్చింది కదా అని తప్పులు పట్టకుండా ఉంటే నేను నేనెట్ల అవుతాను?

దాంట్లో ట్రాక్టరుకి చక్రాలు తిరగవు. బండి మాత్రం ఇస్త్రీపెట్టె జరిగినట్ల జరుగుతాది. డ్రైవరు కోటేసుకోని టై కట్టుకోని ఉంటాడు. కుదుపు వస్తే వాని తల పైకప్పులోనుంచి బయటికొచ్చి, ఊరంతా చూసి, మళ్లీ లోపలికి పోతాది. ఆవుని గుద్దితే ఇటుపక్క దూరి అటుపక్క వస్తాము, ఆవు నెమరేస్తానే ఉంటాది. మామిడికాయలు చెట్టుకి లేవు, చెట్టు పక్కన గాల్లో నిలబడినాయి. హారన్ కొడితే ఓడ అరుస్తాది. ఇంజను శబ్దం మా మిక్సీదే, చట్నీకి పప్పులు వేసినప్పటిది. ఇవన్నీ ఓర్చుకోని ఒక లెవెల్ దాటితే బట్టల సబ్బు యాడ్.

అన్నిటికన్నా ఘోరం రివర్స్. ట్రాలీని బండికి సిమెంటు పోసి అతికించినట్ల ఉంటాది. పైగా వెనక్కి వచ్చేటప్పుడు లెఫ్ట్ నొక్కితే రైట్‌కి పోతాది, రైట్ నొక్కితే లెఫ్ట్‌కి. నాకు మండింది. కూర్చోని రివ్యూ రాసినాను: "తమ్ముళ్లారా, లెఫ్ట్ నొక్కితే రైట్‌కి పోయే బండి ఈ భూమ్మీద యాడన్నా ఉండాదా? మీరు ట్రాక్టరుని కండ్లారా చూసినారా, ఎవురన్నా ఫోన్లో చెప్తే విన్నారా? ఒక్క స్టార్ అన్నా ఇవ్వకుంటే ఇది పంపించనివ్వదు కాబట్టి ఇస్తా ఉండాను."

జవాబు వచ్చింది. "థాంక్యూ డియర్ సార్. కీప్ ప్లేయింగ్."

తిట్టుకుంటానే ఆడినాను. వేరే దారి లేదు కదా. లెఫ్ట్‌కి పోవల్లంటే రైట్, రైట్‌కి పోవల్లంటే లెఫ్ట్, కొంచెం కొంచెంగా తట్టి తట్టి. వంట చేస్తా, గడ్డి వేస్తా, వేళ్లకి అదే అలవాటైపోయింది. దాంట్లో నాకు నచ్చింది ఒక్కటే. ట్రాలీని పచ్చగీతల పెట్టెలోకి తెచ్చినామా, బండి దానంతట అదే నిలబడిపోతాది. చప్పట్లు వస్తాయి. ఆకాశంలోనుంచి కాగితం పూలు రాలతాయి. "కంగ్రాచులేషన్, యు ఆర్ ఫార్మర్" అంటాది. పెండ్లయినప్పటినుంచీ ఈ తోటలో వంగి వంగి పని చేస్తా ఉండాను, ఆ మాట నాతో అన్నది ఆ ఆట ఒకటే.

ఆదివారం వచ్చింది. పాల క్యాన్లు కింద పెట్టి డైరీ ఆడోళ్లంతా మా గోడ పక్కన చేరినారు. మరిది ఆ పొద్దు నంగలికి నామకరణానికి పోవల్ల, కొత్త తెల్ల పంచ కట్టుకోని వచ్చినాడు. గేటు లోపల, పందిరి దాటి, తిప్పకి ముందర నిలబడి చెయ్యి ఊపినాడు.

బండెక్కి రివర్స్ గేరు వేసినాను. ట్రాలీ వెనకభాగం కొంచెం రైట్‌కి రావల్ల. మనిషన్నోడు రైట్‌కే తిప్పుతాడు. నా వేళ్లకి ఆ బుద్ధి యాడుండాది, అలవాటుగా లెఫ్ట్‌కి తిప్పేసినాయి. అయ్యో అనుకునే లోపల ట్రాలీ సక్కగా రైట్‌కి వచ్చింది.

నేను స్టీరింగ్ చూసినాను, ట్రాలీ చూసినాను.

పక్కన నడస్తా ఉన్న మా ఇంటాయన, "అది అట్లే పద్మా, ట్రాలీ కట్టినాక వెనక్కి అంతా తిరకాసే" అన్నాడు.

"ఈ మాట ముందే చెప్పుంటే ఆ పిల్లోళ్లని అన్ని మాటలు అనేదాన్నా?"

"ఏ పిల్లోళ్లు?" అన్నాడు పాపం.

ఇంగ నేను ఆగలేదు. భూమ్మీద లేదన్న బండి మా వాకిట్లోనే ఉండాదని తెలిసినాక భయమెందుకు? కొంచెం లెఫ్ట్, కొంచెం రైట్, తట్టి తట్టి తెచ్చినాను. వంగిన కూసం పక్కనుంచి ట్రాలీ రెక్క దాని చెవిలో ఏదో చెప్పినట్ల దగ్గరగా పోయింది. తగల్లేదు. రెండో కూసం కూడా దాటింది. "రా... రా... రా..." అంటా ఉన్న మరిది గొంతు చిన్నదైపోతా వచ్చింది.

ట్రాలీ పందిరి పక్కన వచ్చి చేరింది. "సాలు వదినా" అన్నాడు. గోడ కాడనుంచి డైరీ ఆడోళ్లు చప్పట్లు కొట్టినారు.

చప్పట్లు విన్నాను కదా. స్టీరింగ్ వదిలేసినాను. కాళ్లు రెండూ పైకి తీసి సర్దుకున్నాను. ఇంగ పూలు రాలడమే తక్కువ అని, గోడ పక్కకి తిరిగి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టినాను.

గేర్లో ఉన్న ట్రాక్టరు ఎవురి నమస్కారానికీ నిలబడదు. దేకతానే ఉంటాది.

"వదినా సాలు... సాలు అంటినే... వదినా బ్రేకు..." మరిది వెనక్కి వెనక్కి నడిచి తిప్ప ఎక్కేసినాడు. మోకాళ్లదాకా దిగబడినాడు. ట్రాలీ కూడా మర్యాదగా ఆయప్ప వెనకాలే ఎక్కింది.

"బ్రేకెందుకప్పా, లెవెల్ అయిపోయింది కదా" అన్నాను నేను. నిజంగానే అన్నాను. ఆ మాట ఇప్పుడు ఊర్లో అందరి నోట్లో ఉండాది.

ట్రాలీ సగందాకా ఎరువులో దూరినాక ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. దానంతట అదే ఆగింది. ఆట చెప్పింది అబద్ధం కాదు, కొంచెం లేటు, అంతే.

బండి దిగి తిప్ప కాడికి పోయినాను. నేనే మొదలుపెట్టినాను. "కూసానికి గీత పడిందా నారాయణప్పా?"

"పడలేదు."

"ట్రాలీ పందిరి కాడికి వచ్చిందా?"

"వచ్చింది. వచ్చి పోయింది."

"పోకూడదని పందెంలో ఉండాదా?"

ఆయప్ప తిప్పలో నిలబడే గేటు పక్క చూసినాడు. చక్రాల గుర్తు రెండు కూసాల నడిమధ్యన దారం పట్టి గీసినట్ల ఉండాది. పంచ చూసుకున్నాడు. మళ్లీ గుర్తు చూసినాడు. "ఇన్నేండ్లు తోల్తా ఉండాను, ఇంత నేరుగా నేను ఒక్కసారి కూడా తేలేదు వదినా. బీగంచెవి బండికే ఉండాది, తీసుకో" అన్నాడు. నేను పోయి బీగంచెవి పీకి కొంగుకి ముడేసుకున్నాను. తరవాత అన్నాడు, "బండిని తిప్పలోనుంచి తీసేది కూడా ఇంగ బీగంచెవి ఉన్నోళ్ల పనే."

పార పట్టుకోని ఎండ నెత్తికెక్కేదాకా ఎరువు తవ్వినాను. తవ్వతా ఉంటే తాత మాట రెండో సగం గుర్తొచ్చింది. అప్పుడు గుర్తొచ్చి ఏం లాభం?

సాయంత్రం ఆ ఆటకి రివ్యూ మార్చి రాసినాను: "తమ్ముళ్లారా, రివర్స్‌లో మీరే కరెక్టు, నేనే తప్పు. నాలుగు స్టార్లు ఇస్తా ఉండాను. ఐదోది కావల్లంటే పచ్చగీతల వెనకాల ఒక తిప్ప పెట్టండి."

"థాంక్యూ డియర్ సార్" అని మళ్లీ అదే జవాబు.

సార్ అంటే అనుకోనీ. నోటికి బీగం పడలేదు, బీగంచెవి నా కొంగుకే ఉండాది. కావల్లంటే చూడండి. ముక్కు మూసుకోని చూడండి, ఎన్నిసార్లు కడిగినా వాసన ఇంగా పోలేదు.