పద్మ కొత్త సైకిలు వెనకాల: పంజగుట్ట నుంచి ఖాజాగూడ రాళ్ళ దాకా

ఈ ప్రయాణం కొండలు చూడాలన్న కోరికతో మొదలవలేదు. మా వీధిలో పద్మ వాళ్ళ గేటు ముందు ఒక కొత్త సైకిలు వచ్చి నిలబడటంతో మొదలైంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ షాక్ అబ్జార్బర్లు ఉన్న, రాళ్ళ మీదా కొండదారుల్లోనూ తొక్కే సైకిలు. లక్ష రూపాయలకు పైమాటే. పద్మ మధురానగర్‌లో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఆడపిల్లల హాస్టలు నడుపుతుంది. మైత్రీవనంలో కంప్యూటరు కోర్సులకు వచ్చే పిల్లలతో ఆ హాస్టలు ఏడాది పొడుగునా నిండే ఉంటుంది. నేను పంజగుట్టలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఊరికి సాఫ్ట్‌వేరు వచ్చాక డబ్బు ఎటునుంచి ఎటు పారుతోందో బోర్డు మీద బాణాలు గీసి చూపించేది నేను. అది పారి పారి వెళ్ళి చేరేది పద్మ వాళ్ళింటికి.

రెండేళ్ళ క్రితం ఇద్దరం కలిసే సైకిళ్ళు కొన్నాం. ఒకే దుకాణం, ఒకే రకం, ముందు చక్రానికి మాత్రమే షాక్ ఉన్నవి. అప్పట్లో పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కేవాళ్ళం. కొత్త బండి వచ్చిన మూడు నెలల నుంచి నాకు పద్మ వీపు మాత్రమే కనిపిస్తోంది. బండి వల్లేనని నాకు ఏ అనుమానమూ లేదు. కాలేజీలో ఖాళీ దొరికినప్పుడల్లా ఇంటర్నెట్‌లో ఆ మోడల్ తొక్కినవాళ్ళు రాసుకున్నవన్నీ వెతికి చదివాను. వెనక షాక్‌లో ఎంత గాలి ఉండాలో, సీటు మీద కూర్చోగానే అది ఎంత కిందకి దిగాలో, ఏ దేశంలో ఎవరికి ఎక్కడ ఇబ్బంది పెట్టిందో అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. పద్మ దానితో వచ్చిన పుస్తకం కవరు కూడా విప్పలేదు. కొన్నది ఆవిడ, చదివింది నేను.

ఆ బండికి వాహనపూజ చేయించిన రోజున పళ్ళెం పట్టుకున్నది కూడా నేనే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బొట్లు పెట్టాక, పూజారిగారు ఎర్రదారం చేతిలో పట్టుకుని కాసేపు చూశారు. "అమ్మా, దారం హ్యాండిలుకి కడదామంటే అన్నీ వైర్లే ఉన్నాయి, ఇక్కడ కట్టనా?" అని సీటు కింద గట్టిగా చుట్టి, పసుపు రాసి, ఒక గన్నేరు పువ్వు గుచ్చారు. అది తనంతట తాను ఊడేదాకా ముట్టుకోవద్దన్నారు. పద్మ భర్త కూడా అదే మాట అన్నారు.

ఇంతకీ అసలు సంగతి అనంతగిరి. వికారాబాద్ దగ్గరి ఆ అడవి దారుల్లో రెండు రోజులు తొక్కాలని నేనూ పద్మా ఏడాదిగా అనుకుంటున్నాం. మా ఆదివారం బృందాన్ని నడిపే జహీర్ భాయ్‌కి పంజగుట్టలో కళ్ళద్దాల దుకాణం ఉంది. కిందటిసారి అనంతగిరిలో ఒకాయన పడి భుజం విరగ్గొట్టుకున్నాక ఆయన ఒక నియమం పెట్టారు. ఖాజాగూడ కొండ మీద ఏటవాలు బండ ఒకటుంది, దానికి మెట్లలాగా మూడు అంచులుంటాయి. కాలు కింద పెట్టకుండా దాన్ని ఎక్కినవాళ్ళకే అనంతగిరి. వచ్చే నెల ప్రయాణానికి ఎవరు వస్తారో మొన్న ఆదివారమే తేలాలి. పద్మా నేనూ కలిసి వెళ్తామా, పద్మ ఒక్కతే వెళ్తుందా అన్నదే నా మనసులో ఉన్న ప్రశ్న.

తెల్లవారి ఐదుంపావుకి మధురానగర్‌లో బయలుదేరాం. ఆ వేళకి అమీర్‌పేట చౌరస్తాలో ఇంకా జనం ఉండరు. పగలు నడవడానికి చోటు దొరకని మైత్రీవనం ముందు, రాత్రి అంటించిన కోర్సుల కాగితాల మీద జిగురు తడి కనిపిస్తుంటుంది. పంజగుట్టలో ఫ్లైఓవర్ దగ్గర జహీర్ భాయ్, ఇంకో ఐదుగురు అప్పటికే చాయ్ తాగుతున్నారు. ఇరానీ చాయ్ ఆరు రూపాయలు, ఉస్మానియా బిస్కెట్ విడిగా. ఇక్కడే తాగేయండి, దారిలో ఆగితే ఎండ ఎక్కేస్తుంది. 

"పద్మక్క బండి వచ్చిందంటే హీరోయిన్ వచ్చినట్టే," అన్నారు జహీర్ భాయ్. "విమల మేడమ్, మీ చెయిన్‌కి జర నూనె వేయాలె. ఏడుస్తుంది పాపం."

"చెయిను కాదులే భాయ్, ఆవిడే ఏడుస్తోంది నా బండిని చూసి," అంది పద్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజాన్ని అంత తేలిగ్గా అనేస్తే నవ్వడం తప్ప ఏం చేస్తాం?

పంజగుట్ట నుంచి ఖాజాగూడకి పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వరకు ఎత్తు, అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్ మీదుగా షేక్‌పేట దాకా పల్లం, తర్వాత రాయదుర్గం దాటితే రాళ్ళు కనిపిస్తాయి. గంట పైన పట్టింది. రాయదుర్గం దగ్గర రాత్రి షిఫ్టు దిగినవాళ్ళని తీసుకెళ్ళే కంపెనీ కార్లు చాలా వేగంగా వస్తాయి, ఎడమ అంచు వదలకండి. చెక్‌పోస్టు ఎత్తులో పద్మ నన్ను దాటి, మిగతావాళ్ళనీ దాటి, మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఆ ఎత్తంతా నేను వెనక షాక్ గురించే ఆలోచించాను. బ్యాంకులో ఎంతుంది, మా ఆయనకి ఏమని చెప్పాలి, అదే రంగు తీసుకుంటే బాగుండదేమో అని కూడా ఆలోచించాను.

ఏడు కావస్తుండగా కొండ మీదకి చేరాం. కింద అద్దాల భవనాలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి, పైన మాత్రం రాళ్ళు ఎప్పటిలాగే పడుకుని ఉన్నాయి. ముందుగా పద్మ ఎక్కింది. మొదటి అంచు, రెండో అంచు, మూడో అంచు దగ్గర సీటు మీద నుంచి లేచి, మూలుగుతూ, పళ్ళు బిగపట్టి, పైకి చేరింది. చప్పట్లు. నా వంతు వచ్చింది. మొదటి అంచు దాటాను. రెండో అంచు దగ్గర వెనక చక్రం జారి, కాలు కింద పెట్టేశాను. ఇంకోసారి ప్రయత్నించినా అక్కడే.

"మామూలు బండితో ఇంతే అవుతుంది," అన్నాను.

పద్మ తన బండిని నా వైపు తోసింది. "అయితే దీని మీద ఎక్కు. ఎక్కేస్తే సరే, ఇద్దరం వెళ్దాం. భాయ్, ఒప్పుకుంటారా?"

"ఏ బండయినా నాకు పర్వాలేదు. కాలు కింద పెట్టొద్దు, అంతే," అన్నారు జహీర్ భాయ్. "అనంతగిరికి మేడమ్ అసుంటిదే కిరాయికి తెచ్చుకుంటరేమో."

మూడు నెలలుగా ఎదురుచూసిన సీటు మీద కూర్చున్నాను. కూర్చోగానే వెనక భాగం కొంచెం కిందకి దిగాలి. నేను చదివిన వాళ్ళందరూ ఆ మాట రాశారు. నాకు ఏమీ దిగలేదు. నాకు తెలియలేదేమోలే అనుకుని తొక్కాను. మొదటి అంచు దగ్గరే వెనక చక్రం గాడిదలాగా తన్ని, నన్ను పక్కకి విసిరింది. నా పాత సైకిలే నయం, ఇంత బరువైనా ఉండదు.

దిగి సీటు కిందకి వంగి చూశాను. పసుపు గట్టిపడిపోయిన ఎర్రదారం, వాడిన పువ్వు తొడిమ. దాని కింద చిన్న నీలం మీట. నున్నటి తారు రోడ్డు మీద అనవసరంగా ఊగకుండా వెనక షాక్‌ని బిగించేసే మీట అది. దారం దాన్ని మూసిన వైపుకి లాగి కట్టేసి ఉంది.

"పద్మా, పూజ నుంచి దీన్ని ఎప్పుడైనా విప్పావా?"

"ముట్టుకోవద్దన్నారుగా."

"నీ బండికి వెనక షాక్ పనిచేయడంలేదు. మూడు నెలలుగా. దారంతో కట్టేసి ఉంది."

అందరూ జహీర్ భాయ్ వైపు చూశారు. మా అందరి బండ్లనీ ప్రతి ఆదివారం పరీక్షగా చూసేది ఆయనే.

"నా దిక్కు చూడకుండ్రి," అన్నారాయన. "పూజది అది. నేనెట్ల ముడ్త? తుడిచేటప్పుడు సుత గా జాగ వదిలేసి తుడిచిన. బట్ట కూడా తగలనియ్యలే."

పద్మ దారం తెంపడానికి ఒప్పుకోలేదు. "మా ఆయనకి తెలిస్తే రేపు పంక్చరు పడ్డా దీనివల్లే అంటాడు." ఆఖరికి నేనే దారాన్ని తెంపకుండా మెల్లగా జరిపి, సీటు కింది కడ్డీ మీదకి ఎక్కించాను. మీట తిప్పాను. పద్మ ఎక్కి కూర్చుంది, బండి కిందకి దిగింది.

"ఇదేంటే, కుంగిపోతోంది. పాడుచేశావా ఏంటి?"

"ఇప్పుడే బాగైంది. ముందు నన్ను ఎక్కనీ."

ఇది చదివేవాళ్ళలో ఈ రకం బండి కొనాలనుకునేవాళ్ళు ఉంటారు, అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. తేడా చాలా ఉంది. అంచు మీదకి వెనక చక్రం వచ్చినప్పుడు దెబ్బ నడుముకి తగలదు, ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టుంటుంది. చక్రం రాయిని వదలదు. రెండుసార్లు నన్ను దింపేసిన రెండో అంచు, ఉందా లేదా అన్నట్టు దాటిపోయింది. మూడో అంచు ముందర నేను గెలిచాననే అనుకున్నాను. అక్కడ తొడలు ఒక్కసారిగా వదిలేశాయి. ఊపిరి అందలేదు. బండి తన పని తాను చేస్తూనే ఉంది. కాలు కింద పెట్టింది నేను.

తర్వాత పద్మ అదే బండి మీద, అదే బండని, మాట్లాడుతూ ఎక్కేసింది. పైనుంచి, "అబ్బ, ఇలా ఉంటుందా ఇది," అనడం వినిపించింది.

కొండ కింద తోపుడుబండి దగ్గర ఇడ్లీ, పునుగులు దొరుకుతాయి. పదిహేను రూపాయలకి కడుపు నిండుతుంది, అల్లం చట్నీ అడిగి వేయించుకోండి. జహీర్ భాయ్ నా పక్కన కూర్చుని, "పద్మక్క అనంతగిరి వస్తరు. మీరు వానలైనంక చూద్దాం మేడమ్. ఫికర్ చేయకండి," అన్నారు. నేను పద్మ వైపు చూశాను. విమల లేకుండా నేనెందుకు అంటుందని అనుకున్నాను. అంటే, వద్దులే వెళ్ళు అనడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. పద్మ చెయ్యి కడుక్కుని, "రాత్రి చలిగా ఉంటుందా భాయ్, స్వెట్టరు పట్టుకోనా?" అని అడిగింది.

తిరుగుదారిలో షేక్‌పేట ఎత్తు దగ్గర ఎండ ముదిరింది. పద్మ నా కోసం ఆగి, చాలా నెలల తర్వాత, పక్కన తొక్కింది. ఉండబట్టలేక అడిగాను, "వెనక షాక్ లేకుండా, అంత బరువు బండిని, ఎలా ఎక్కించావు?"

"నాకేం తెలుసు? ఇన్నాళ్ళూ బండే ఎక్కిస్తోందనుకున్నా," అంది. కాసేపు తొక్కి మళ్ళీ అంది, "బండి రాకముందే వంటమనిషి మానేసింది కదా. మా హాస్టల్లో లిఫ్టు లేదు. వంట కింద, పిల్లలు తినేది నాలుగో అంతస్తులో. పొద్దున్నా రాత్రీ గిన్నెలు మోసేది ఎవరనుకున్నావు? నువ్వు చూడకపోతే నాకూ తెలిసేది కాదు విమలా. ఎవరైనా బండి బాగుంది పద్మా అనేవాళ్ళేగాని, నువ్వు బాగా తొక్కుతున్నావు అన్నవాళ్ళు లేరు."

నేనూ అనలేదు. అప్పుడైనా అందామనుకున్నాను, నోరు రాలేదు. చెక్‌పోస్టు దిగాక, "రేపు పొద్దున మీ హాస్టలుకి వస్తా," అన్నాను.

"ఎందుకు?"

"మెట్లెక్కడానికి."

పద్మ బ్రేకు వేసి నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "ఉత్త చేతుల్తో ఎక్కడానికి నాకు పంతులమ్మలు అక్కర్లేదు. రేపు సాంబారిడ్లీ. గిన్నె బరువుగా ఉంటుంది, ముందే చెబుతున్నా."

ఇది రాస్తున్న రోజుకి నాలుగు రోజులు పొద్దున్నే గిన్నెలు మోశాను. మోకాళ్ళు అరుస్తున్నాయి, కోచింగ్ పిల్లలు నన్ను కొత్త వంటమనిషి అనుకుని చట్నీ అడుగుతున్నారు. అసూయ తగ్గిందా అంటే, తగ్గిందని చెప్పలేను. మనిషి దగ్గరున్న వస్తువు మీద అసూయపడటం సుఖం. ఎప్పటికైనా కొనుక్కోవచ్చులే అన్న దారి ఒకటి తెరిచి ఉంటుంది. పద్మ తొడల బలం ఏ దుకాణంలోనూ దొరకదు. అందుకే ఇప్పుడున్న అసూయకి ముందుకంటే మంట ఎక్కువ, అయినా దానితో పొద్దున్నే లేవగలుగుతున్నాను. ఇదంతా అనంతగిరి కోసమా, పద్మ కోసమా, పద్మని దాటడం కోసమా అని మూడో అంతస్తు దగ్గర రోజూ నన్ను నేను అడుగుతున్నాను. నాలుగో అంతస్తుకి చేరేసరికి ఊపిరాడక ఆ ప్రశ్న పోతుంది. వచ్చే నెల వాళ్ళు బయలుదేరేటప్పుడు పంజగుట్ట వెళ్ళి సాగనంపుతానో, దుప్పటి ముసుగేసుకుని పడుకుంటానో ఇంకా తెలియదు.

వెనక షాక్ ఉన్న బండి కొనాలనుకునేవారికి ఒక్క సలహా. ముందు ఎవరిదైనా ఒక పూటకి అడిగి తీసుకుని, ఏదైనా ఒక ఎత్తు మీదకి రెండుసార్లు తొక్కండి, ఒకసారి షాక్ మీట మూసి, ఒకసారి తెరిచి. రెండుసార్లూ చివరికి కాలు కింద పెట్టింది మీరే అయితే, లక్ష రూపాయలు బ్యాంకులోనే ఉండనివ్వండి.