నెత్తళ్లు ఆరబెట్టే ఇసక

ఎవరైనా నన్ను మంచివాడంటే ఒళ్లు జలదరిస్తుంది. ఏళ్లుగా ఇదే వరస. తిట్టినా ఇంత బాధ ఉండదు. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియను, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఊరి పేరు మాత్రం అడక్కండి. సోంపేట దాటి సముద్రం వైపు వస్తే, జీడితోటలూ కొబ్బరితోటలూ అయిపోయిన చోట ఉంటుంది. ఉద్దానంలో అలాంటి ఊళ్లు చాలానే ఉన్నాయి.

పిల్లలకు ఆటస్థలాలు కట్టించే స్వచ్ఛంద సంస్థ ఒకటి మా ఊరికి వచ్చింది. ఏ ఇంట్లో చూసినా కిడ్నీ జబ్బు భయమే కదా మాకు. ఆసుపత్రి కబుర్లు తప్ప ఇంకో కబురు వినకుండా పిల్లలు పెరుగుతున్నారని వాళ్ల బాధ. మంచి మనుషులు. ఇప్పటికీ ఆ మాటే అంటాను. వాళ్లకు ఊరంతా తిప్పి చూపించే పని నా మీద పడింది. డిగ్రీ చదివి, ఊళ్లోనే మిగిలిపోయి, ట్యూషన్లు చెప్పుకునే నాకు అదే పెద్ద హోదా.

వాళ్లకు కావలసింది చదునుగా ఉన్న ఖాళీ ప్రభుత్వ స్థలం. అలాంటిది ఊళ్లో ఒకటి ఉంది, బడి వెనక. కాకపోతే దాన్ని మా అన్నయ్య ఎప్పుడో మా కొబ్బరితోటలో కలిపేసి కంచె వేశాడు. ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను ఆ కంచె పక్కనుంచే వాళ్లను నడిపించుకుపోయాను. తోట మాదేనని గొప్పగా చెప్పి, బొండాలు కూడా కొట్టించి ఇచ్చాను. తర్వాత ఒడ్డుకు తీసుకెళ్లి ఇసక చూపించాను.

అది చేపల వేటకు వెళ్లేవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు నెత్తళ్లు, అంటే వేలెడంత చేపలు, ఆరబెట్టుకునే చోటు. అప్పుడు వేట నిషేధం రోజులు కావడంతో పడవలు ఒడ్డెక్కి ఉన్నాయి, ఇసక మీద ఒక్క చేప లేదు. ఈ స్థలం ఎవరైనా వాడుకుంటున్నారా అని అడిగారు. లేదన్నాను. అంతే. ఇంట్లో అన్నయ్యతో గొడవ పడటం కన్నా ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! తెలియక అన్నానా? ఆ ఎండు నెత్తళ్ల కూర తిని పెరిగినవాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి?

నిషేధం ముగిసింది. మొదటి వేట చేపలతో ఆడవాళ్లు వచ్చి తట్టలు దించేసరికి ఇసకలో వాలీబాల్ నెట్ కోసం స్తంభాలు పాతుతున్నారు. అందరికన్నా ముందు నూకమ్మ నా దగ్గరకు వచ్చింది. మొగుడు కిడ్నీ జబ్బుతో పోయాక, ఎండుచేపలు అమ్మి మనవరాలు దేవిని పెంచుకుంటున్న మనిషి ఆవిడ.

"బాబూ, ఈ తావు కాలీదని ఎవులు సెప్పినారు ఈల్లకి?"

"నేనొద్దనే చెప్పినాను నూకమ్మా. దెబ్బలాడినాను కూడా. ఆళ్లు ఇన్లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. పట్టుబడిపోయాననే అనుకున్నాను.

"నువ్వు సెప్పే ఉంటావు బాబూ," అంది. వెనక్కి తిరిగి మిగతా ఆడవాళ్లతో, "గొడవొద్దే. బాబు మన కోసం దెబ్బలాడినాడంట. ఇంకేటి సేత్తాం? పిల్లలాడుకుంటారు, పోనీండి," అంది.

తట్టలు మళ్లీ నెత్తికెత్తుకుని తారురోడ్డు వైపు వెళ్లిపోయారు. వాళ్లు అక్కడే కూర్చుని ఉంటే పని ఆగిపోయేది. ఆ సంస్థవాళ్లు ఒక్క మాట వింటే వెనక్కి తగ్గేవాళ్లే. ఆ మాట వాళ్ల చెవిన పడకుండా నేను మధ్యలో నిలబడ్డాను, ఇటు వాళ్ల మనిషిగానూ అటు వీళ్ల మనిషిగానూ చెలామణీ అవుతూ.

వాలీబాల్ కోర్టు బాగుంది. అదే నాకు ఇంకా కష్టం. సాయంత్రమైతే ఊళ్లో ఆడపిల్లలందరూ అక్కడే. దేవి సర్వీస్ చేస్తే అవతలి జట్టు వెనక్కి వెనక్కి పోతుంది. ఆ పిల్లను చూసి సంతోషపడతాను, నిజంగానే. ఆ సంతోషంలోనే, చూశావా, మంచే జరిగింది కదా అని లోపల ఒకడు నసుగుతాడు. వాడి నోరు మూయించడం నా వల్ల కావడం లేదు. మంచి జరిగితే సరిపోతుందా? ఎవరి నోటి దగ్గర కూడు తీసి చేసిన మంచి ఇది?

రోడ్డు మీద ఆరబోసిన చేపలను ఆటోలు తొక్కేవి, దుమ్ము పట్టేది. సంతలో బేరగాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. చివరికి నూకమ్మ రోజూ పలాస వెళ్లొస్తూ జీడిపిక్కల ఫ్యాక్టరీలో చేరింది. జీడి రసానికి ఆవిడ వేళ్లు పొక్కిపోయి నల్లబడ్డాయి. నేను కనబడితే చాలు, ఆ చేతులతోనే దండం పెడుతుంది. మా కోసం దెబ్బలాడిన బాబు అని పక్కనున్నవాళ్లకు చెబుతుంది. నేను కాదని అనను. నవ్వుతాను. ఎంత సిగ్గుమాలిన నవ్వో అది.

నిన్న మా గుమ్మం దగ్గరకు వచ్చింది. చేతులు ఇక పనికి లొంగడం లేదట. "పిల్లలు బడికెల్లిపోతే ఆ కోర్టు కాలీయే గదా బాబూ. అప్పుడు వలలు పరిసి సేపలెండేసుకుంటాం. సాయంత్రానికి అంతా తుడిసీసి ఇచ్చీస్తాం. ముందోపాలి దెబ్బలాడినావు గదా, ఇంకొక్కపాలి ఆల్లని అడుగు," అంది. చూద్దామన్నాను.

అడగాలంటే మొదటి అబద్ధం దగ్గర నుంచే మొదలుపెట్టాలి. సంస్థవాళ్లకు చెప్పాలి, అన్నయ్యకు చెప్పాలి, అందరికన్నా ముందు ఆవిడకు చెప్పాలి. చేపల వాసనకు పిల్లలు ఆటకు రావడం మానేస్తే? అన్నయ్య ఇంట్లోంచి పొమ్మంటే? ఇవన్నీ సాకులని నాకు తెలుసు. అసలు భయం ఒకటే, ఆవిడ నాకు దండం పెట్టడం మానేస్తుందని. ఇంత జరిగాక కూడా ఆ దండం నాకు కావాలి. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అందుకని ఆవిడతో అనవలసిన మాటలు ముందు మీ దగ్గర అంటున్నాను.

నూకమ్మా, నేను దెబ్బలాడలేదు. ఆ తావు ఖాళీదని చెప్పింది నేనే. ఖాళీ స్థలం మా కంచె లోపల ఉంది.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. జవాబు కోసం ఆవిడ ఆదివారం వస్తానంది.