ముగ్గురు కృష్ణులు, ఒక్క సత్యభామ

కల్లూరు, ఓర్వకల్లు, వెల్దుర్తి నాటక సమాజాలు మూడూ ఒక్కటైంది కళాభిమానంతో కాదు, గతిలేక. వరసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయింది. చందాలిచ్చే రైతులు మొహం చాటేశారు. జాతరల్లో మిగిలిన కాస్త డబ్బూ డీజే పెట్టెలకు పోయింది. అప్పుడు కలిసి ఐక్య నాటక సంఘమని పేరు పెట్టుకున్నారు. ఒకే తెర, ఒకే హార్మోనియం, ఒకే మైకు. లైట్ల బాడుగ తప్పుతుందని పగలే ఆట.

అన్నీ తగ్గించుకున్నారు గానీ కిరీటం మాత్రం ఎవరూ దించలేదు. మా సీమలో ఒకే ఆటలో ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు ముగ్గురు కృష్ణులు రావడం మామూలే. పద్యం పాడే మోజు అందరికీ ఉంటుంది మరి. సమాజానికొకడు చొప్పున ముగ్గురు తేలారు. మూడోవాడు సంఘం అధ్యక్షుడు, వెల్దుర్తి మహానంది. సత్యభామ మాత్రం ఒక్కతే, కల్లూరు రెజీనా.

మగవాళ్లు మోజుకు వేషం కట్టేవాళ్లు. రెజీనా కడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమె చేతికింద పద్యం నేర్చిన శివలీలదీ అదే బతుకు. మూడు ఆటలు ఒకటయ్యాక ఆ పిల్లను పిలిచేవాళ్లు లేక నూనె మిల్లులో చీపురు పట్టింది. అది చూసిన రోజు నుంచి రెజీనాకు అన్నం సయించలేదు. నేరుగా సంఘం మీటింగుకే పోయింది.

“అన్నా, సగం ఆట నేనేస్తా, సగం శివలీల ఏస్తాది. నా కూలి ఇద్దరికీ పంచండి.”

మహానంది పడీపడీ నవ్వాడు. “ఏమ్మే రెజీనా, మతుండే మాట్లాడుతాండావా? ఇద్దరు సత్యభామలంటే జనం నవ్వరా?”

“ముగ్గురు కృష్ణులంటే నవ్వరా?”

“దేవుడు ఎన్ని రూపాలైనా ఎత్తుతాడు.”

“ఆడది ఒగ రూపంతోనే సావల్ల గదా!”

హార్మోనియం వాయించే ఈరన్న కిసుక్కుమన్నాడు. మిగతావాళ్లు టీ చెప్పుకున్నారు.

ఆట ఓర్వకల్లులో. ఎండ రాతి కొండల మీద కాగి పందిట్లోకి కొడుతోంది. మొదటి కృష్ణుడు రాగం లాగి లాగి పాడి, లోపలికి పోయి మజ్జిగ తాగాడు. రెండోవాడికి సొంత ఊరి జనం ‘మళ్లీ’ అని అరిచారు, మళ్లీ పాడాడు. రెజీనా పట్టుచీర చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. సవరం బరువుకు మెడ లాగుతోంది. వచ్చిన ప్రతి కృష్ణుడికీ కొత్తగా నవ్వాలి, కొత్తగా సిగ్గుపడాలి. ఆమెకు మజ్జిగ ఎవరూ ఇవ్వలేదు.

అలక ఘట్టానికి మహానంది వచ్చాడు. సత్యభామ మొహం తిప్పుకుని కూర్చోవాలి, కృష్ణుడు పద్యంతో బతిమాలాలి, ఆమె కరగాలి. ఆయన పాడాడు. రెజీనా తిరగలేదు. ఈరన్న హార్మోనియం సాగదీశాడు. ఆయన ఇంకోసారి పాడాడు. ఆమె కదల్లేదు.

“లెయ్యే! జనం చూస్తాండారు,” పళ్ల సందున కసిరాడు మహానంది.

ఆమె వెనక్కి తిరగకుండానే మైకులో అంది. “స్వామీ, ముగ్గురొచ్చి పాడినా నా అలక తీర్లేదు. తెర ఎనక ఇంగో సత్యభామ ఉండాది. పిల్చుకో.”

పందిరి ఘొల్లుమంది. “పిలువు సామీ, ఎంతసేపని పాడతావు!” వెనకనుంచి ఒకామె అరిచింది.

నీలంరంగు కింద మహానంది మొహం ఏ రంగైందో గానీ, “సత్యా” అన్న మాట పిల్లి గొంతుతో వచ్చింది. పొద్దున్నే రెజీనా దగ్గరుండి వేషం కట్టించిన శివలీల తెర తొలగించుకుని వచ్చి పద్యం ఎత్తుకుంది. రెజీనా మెట్లు దిగి, ఆడవాళ్ల మధ్య కూలబడి, సవరం పీకి ఒళ్లో పెట్టుకుంది.

మూడు సమాజాలూ నిజంగా కలిసింది ఆ మర్నాడే. రెజీనాను ఇక పిలవకూడదన్నారు. మూడింట్లో ఒక్కటీ మాట తప్పలేదు. పిలుపు శివలీలకు వచ్చింది. ఆమె పోనంటే రెజీనా చెప్పు చూపించింది. “నీకోసరం అలిగితిని గదే! పోకుంటే కొడతా.”

పోయిన ఎండాకాలం రెజీనా చనిపోయింది. సంస్మరణ సభకు ముగ్గురు కృష్ణులూ వచ్చారు. ఆమె బొమ్మ కంటే వాళ్ల బొమ్మలే పెద్దవిగా ఫ్లెక్సీ కట్టారు. “ఒకే ఆటలో ఇద్దరు సత్యభామలను ఎక్కించింది మన సంఘమే!” అన్నాడు మహానంది మైకులో, సిగ్గులేకుండా. చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

తర్వాత శివలీలను పిలిచారు. ఆమె వేదికెక్కి, కుర్చీని రెజీనా బొమ్మ వైపు తిప్పుకుని, ముగ్గురికీ వీపు పెట్టి కూర్చుంది.

“లెయ్యమ్మా, రెండు మాటలు చెప్పు,” అన్నాడు మహానంది. మళ్లీ అన్నాడు. ఆమె కదల్లేదు.

ఈసారి తెర వెనక పిల్చుకోవడానికి ఎవరూ లేరు.