తిప్పి కట్టిన తడక

మా చిన్నప్పుడు... తాండూరు దగ్గర మా ఊళ్లో కందులు నూర్చాక వెదురు తడకను గుండ్రంగా చుట్టి, తాళ్లతో బిగించి, గాదెలా ఇంట్లో నిలబెట్టేవాళ్లం. లోపల అమ్మ పాత చీరలు పరిచేది. ఏడాది తిండి, మళ్లీ వేసే విత్తనం... అన్నీ అందులోనే.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. కందులు వాకిట్లో కుప్పగా ఉన్నాయి. మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. కాలం కాని వాన... తడిస్తే బూజు పడతాయి, విత్తనానికీ పనికిరావు.

నాయిన తడకను నిలువుగా కట్టాడు. తనకంటే ఎత్తు. పీట ఎక్కి గంపలతో పోశాడు. అంచు దాకా నిండింది. వాకిట్లో ఇంకా సగం కుప్ప అలాగే ఉంది.

ఇంకో తడక లేదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ వారమే లెక్కల సారు ఒకే కొలత కాగితాలు రెండు తీసుకుని, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా చుట్టి, బియ్యం పోసి చూపించారు. పొట్టిదాంట్లోనే ఎక్కువ పట్టాయి.

"నాయినా... తడక అడ్డంగ తిప్పి కట్టు. పొట్టిగుంటది గని అన్ని పడ్తయి."

"అదే తడక గద బిడ్డా! తిప్పంగనే పెరుగుతదా?"

"ఎడల్పు అయితది నాయినా. మా సారు కాయితం చుట్టి చూపెట్టిండు."

చెల్లె రూతు కిసుక్కున నవ్వింది. "అయితే కాయితంలనే పోద్దాం పా అక్కా, కందులు!"

తిప్పాలంటే పోసినవన్నీ మళ్లీ కింద పడాలి. నా మాట తప్పైతే, వాన లోపు ఇంకోసారి ఎత్తుకునే వ్యవధి లేదు. మనసులోనే ప్రభువును తలచుకున్నాను.

అమ్మ ఆకాశం వైపు చూసింది. "ఇప్పు. పిల్ల చెప్తున్నది గద."

తాళ్లు విప్పగానే కందులు ఇల్లంతా జలజలా పారాయి. నాయిన తడకను అడ్డంగా తిప్పి కట్టాడు. అందరం పడి ఎత్తి పోశాం... తొలి చినుకులకు ఆఖరి గంప లోపలికి వచ్చింది. అన్నీ పట్టాయి. నాయిన నా తల మీద చెయ్యి పెట్టాడు.

రూతు మాత్రం ఊరుకోలేదు. "గిదేందమ్మా, గింత బొజ్జేసుకొని నడింట్ల కూసున్నది! మనమేడ పండాలె?"

నిజమే. మాకున్నది ఒకటే గది. ఆ సాయంత్రం ప్రార్థనకు మోకరించే చోటు కూడా లేదు. తడక చుట్టూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. నాయిన మోచెయ్యి నా భుజానికి... రూతు మోకాలు నా ఒళ్లో... అమ్మ ప్రార్థన చేస్తుంటే ఆమె ఊపిరి నా చెంపకు తగిలింది. కందులు తగ్గేదాకా, నెలల తరబడి అట్లాగే.

నాయిన, అమ్మ ఇప్పుడు లేరు. రూతు వికారాబాద్‌లో, నేను తాండూరులో. రైలెక్కితే గంట కూడా పట్టదు... అయినా ఇద్దరికీ తీరదు.

సాయంత్రం మోకరిస్తే గదంతా ఖాళీయే. ఎటు చెయ్యి చాపినా ఎవరూ తగలరు...

మీరూ ఇరుకింట్లో పెరిగినవాళ్లేనా? ఎవరి పక్కన ఒదిగి కూర్చునేవారో... రాయండి.